కెమెరాకు తెలియని చామనచాయ

బట్టల అంగడిలో చీర కొనే మన ఇల్లాండ్రకు ఒక అలవాటు కలదు. దీపాల వెలుగులో చీర ఎంత నచ్చినా సరే, దానిని చేతిలోకి తీసుకొని, దుకాణం గుమ్మం దాకా నడిచివచ్చి, కొంగును బయటి వెలుగులోకి చాచి చూస్తారు. లోపల కనకాంబరం రంగుగా కనిపించినది బయట ఇటుకరంగుగా తేలవచ్చును. లోపల నలుపనుకొన్నది బయట ముదురు నీలమని తెలియవచ్చును. పత్తర్‌గట్టీ దుకాణదారుడైనా సరే, దీనికి అభ్యంతరం చెప్పడు. పైగా తానే లేచి దారి ఇస్తాడు. వస్తువు రంగు దానిపై పడే వెలుగును బట్టి మారుతుందనే సూత్రాన్ని వారికి ఏ భౌతికశాస్త్ర గ్రంథమూ నేర్పలేదు. నేర్పవలసిన అవసరమూ కలుగలేదు.

నేను ఈ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. వార్షికోత్సవానికీ, క్రీడోత్సవానికీ, ఈ సంచికకూ కావలసిన ఛాయాచిత్రాలు తీసే పని కొన్నేండ్లుగా నామీదనే పడుతున్నది. అది నేను కోరి తెచ్చుకొన్న బరువే కనుక ఫిర్యాదు లేదు. విద్యార్థులు తమ సెల్‌ఫోన్లు పట్టుకొని వచ్చి, "సార్, రంగులు సహజంగా రావడం లేదు, ఏం చేయాలి?" అని అడుగుతుంటారు. ఏదో ఒక మీట చూపించి పంపివేయడం సులభమే. కాని "సహజమంటే ఏమిటి నాయనా?" అని తిరిగి అడిగితే వారూ ఆలోచనలో పడతారు, నేనూ పడతాను. ఆ ఆలోచనలనే ఇక్కడ కొంత విస్తరించి వ్రాస్తున్నాను.

ముందుగా కంటికీ కెమెరాకూ గల భేదాన్ని చెప్పుకోవాలి. తెల్లకాగితాన్ని మధ్యాహ్నపు ఎండలో చూడండి, రాత్రి పాతకాలపు బల్బు కింద చూడండి. రెండుచోట్లా అది తెల్లగానే ఉన్నదని మనం ప్రమాణం చేసి చెప్పగలం. నిజానికి బల్బు కింద ఆ కాగితం నుండి మన కంటికి చేరే వెలుగు పసుపుపచ్చనిది. మన మెదడు ఆ పసుపును మనకు తెలియకుండానే లెక్కలోంచి తీసివేస్తుంది. కెమెరాకు ఈ విద్య పుట్టుకతో రాలేదు. ఎంత పసుపు వచ్చిందో అంత పసుపునూ అది వ్రాసుకొంటుంది. ఇక్కడ తెలుపంటే ఏమిటో దానికి మనం చెప్పాలి, లేదా అది ఊహించుకోవాలి. వైట్ బ్యాలెన్స్ అని కెమెరాలో కనిపించే మాటకు అర్థం ఇంతే.

వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900 కెల్విన్లు, ఫిలమెంటు బల్బు 2700 నుండి 2900 వరకు, నడిమింటి సూర్యుడు దాదాపు 5500, ఎండ తగలని నీడలో ఆకాశం నుండి దిగే వెలుగు 7000 పైచిలుకు. సంఖ్య పెరిగినకొద్దీ వెలుగు నీలంవైపు జరుగుతుంది. కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎర్రగా, తరువాత పసుపుగా, బాగా కాగిన మీదట తెల్లగా మారడం చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఇక్కడొక చిన్న తిరకాసు ఉన్నది. కెమెరాలో ఆ సంఖ్యను పెంచితే బొమ్మ నీలంగా మారదు, పచ్చబడుతుంది. "వెలుగు నీలంగా ఉన్నది కాబోలు" అని కెమెరా నమ్మి, దానికి విరుగుడుగా పసుపును కలుపుతుంది. మా బి.ఎస్‌సి. విద్యార్థులలో సగంమంది ఏటా ఈ ఒక్కచోటనే తడబడతారు.

కన్ను కూడా ఎల్లవేళలా నిష్పక్షపాతి కాదు. 2015 ఫిబ్రవరిలో ఒక గౌను ఫొటో లోకమంతా చుట్టివచ్చింది. అది తెలుపు, బంగారు రంగులదని కొందరు, నీలం, నలుపు రంగులదని మరికొందరు వాదులాడుకొన్నారు. ఒకే ఇంట్లో భార్యకు ఒక రంగు, భర్తకు ఒక రంగు. అసలు గౌను నీలం, నలుపే. దానిమీద నీడ పడుతున్నదని ఊహించుకొన్న మెదళ్ళు నీలాన్ని తీసివేసి తెలుపును చూశాయి. పసుపు దీపం పడుతున్నదని ఊహించుకొన్నవి పసుపును తీసివేసి నీలాన్ని చూశాయి. ఫొటోలో వెలుగును గురించిన ఆనవాలు సరిగా లేకపోవడంవల్ల ఈ గలభా అంతా జరిగింది.

ఇక కెమెరా కడుపులో జరిగే సంగతి. 1861లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఒక గళ్ళ రిబ్బనును ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా విడివిడిగా తీయించిన చిత్రాలను మూడు దీపాలతో తెరమీద ఒకదానిపై ఒకటి ప్రసరింపజేసి, రంగుల బొమ్మను చూపించినాడు. ఫొటోలు తీసినవాడు థామస్ సట్టన్. ఈ కథ పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. పాఠ్యపుస్తకాలలో అంతగా కనిపించనిది దాని తరువాయి భాగం. ఆనాటి ప్లేటుకు ఎర్రని వెలుగు కనిపించనే కనిపించదు. మరి ఎరుపు ఎట్లా వచ్చింది? 1961లో, అనగా సరిగా నూరేండ్ల తరువాత, కొడాక్ సంస్థకు చెందిన రాల్ఫ్ ఇవాన్స్, ఆయన సహచరులు దాని గుట్టు విప్పారు. రిబ్బనులోని ఎర్రని అద్దకం కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను కూడా వెనుకకు పంపినది; ప్లేటు గ్రహించినది వాటినే. లోకంలో మొట్టమొదటి రంగుల ఛాయాచిత్రంలో ఎరుపు అనేది ఎరుపు వెలుగుతో ఏర్పడినది కాదన్నమాట. అయినా చూసినవారికి అది ఎర్రగానే కనిపించింది. ఈ సంగతి తెలిసిన నాటినుండి "ఉన్నది ఉన్నట్లు తీసే కెమెరా" అన్న మాట వింటే నాకు నవ్వు వస్తుంది.

నేటి డిజిటల్ కెమెరా కూడా ఆ వంశానికి చెందినదే. అందులోని సెన్సారుకు స్వతహాగా రంగులు తెలియవు. వెలుగు ఎంత పడినదో మాత్రమే తెలుసును. 1976లో కొడాక్ ఉద్యోగి బ్రైస్ బేయర్ పొందిన పేటెంటు ప్రకారం సెన్సారులోని ఒక్కొక్క గడిమీద ఒక్కొక్క రంగు వడపోతను అమర్చుతారు. సగం గడులకు ఆకుపచ్చ, పాతికవంతుకు ఎరుపు, తక్కిన పాతికవంతుకు నీలం. కాబట్టి ఏ గడి అయినా మూడు రంగులలో ఒక్కదానినే కొలుస్తుంది. మిగిలిన రెండింటినీ ఇరుగుపొరుగు గడులను చూసి లెక్కకట్టవలసిందే. అంటే తుది బొమ్మలోని రంగుల అంకెలలో మూడింట రెండువంతులు కొలిచినవి కావు, లెక్క వేసినవి. ఆ లెక్కకు తోడు తెలుపేదో నిర్ణయించడం, చర్మం ఎట్లా ఉండాలో నిర్ణయించడం, ఆకాశానికి ఎంత నీలం పట్టించాలో నిర్ణయించడం. ఇవన్నీ ఎక్కడో దూరదేశంలో ఒక గదిలో కూర్చున్నవారు ముందే నిర్ణయించి ఫోనులో అమర్చి పంపుతున్నారు. ఉర్దూ ప్రేక్షకులు 1960 నాటి ముఘల్-ఎ-ఆజంను 2004లోనూ, తెలుగు ప్రేక్షకులు 1957 నాటి మాయాబజారును 2010లోనూ పూర్తి రంగులలో చూశారు. ఆ నలుపుతెలుపు దృశ్యాలలోని ఏ ఉత్తరీయానికి ఏ రంగు వేయాలో కంప్యూటరు ముందు కూర్చున్న మనుషులు తేల్చవలసి వచ్చింది. మన ఫోను కూడా, కాస్త తక్కువ మోతాదులో, అదే పని చేస్తున్నది. ఆ నిర్ణయం ఎవరిది కావాలన్నదే ఇక్కడి ప్రశ్న.

మన కళాశాల ఉత్సవాలలో ఈ ప్రశ్న షామియానా రూపంలో ఎదురవుతుంది. షామియానా గుడ్డ సామాన్యంగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలతో ఉంటుంది. పైన ఎండ కాస్తుంటే ఆ గుడ్డ మొత్తం ఒక పెద్ద రంగుదీపంగా మారుతుంది. మొదటి వరుసలో కూర్చున్న పెద్దల ముఖాలు కుంకుమ చల్లినట్లుంటాయి, రెండవ వరుసవారు కామెర్లు వచ్చినవారివలె కనిపిస్తారు, ప్రక్కన నిలబడిన స్వయంసేవకుల ముఖాలకు పాచి పట్టినట్లుంటుంది. వేదికమీద ట్యూబులైటు ఒకవైపు, వీడియోవారి దీపం మరొకవైపు, వెనుకనుండి ఆకాశపు నీలం. ఒక్క ముఖంమీదనే మూడు తెలుపులు! ఇట్టి సందర్భంలో ఏ వైట్ బ్యాలెన్సూ అందరికీ న్యాయం చేయలేదు. ఒకరికి చేస్తే మరొకరికి అన్యాయమవుతుంది. నా అనుభవంలో దీనికి మార్గం యంత్రంలో లేదు. బహుమతి పుచ్చుకొన్న వారిని చేయిపట్టుకొని, షామియానా అంచు దాటించి, వరండా నీడలో ఒక్క నిమిషం నిలబెట్టాలి. సభా నిర్వాహకులు దీనికి విసుక్కొంటారు. విసుక్కోనివ్వండి.

దీపాల విషయం మరొకటి. ఎల్‌ఇడి దీపాల పెట్టెమీద సి.ఆర్.ఐ. అని ఒక అంకె అచ్చువేస్తారు. ఆ దీపం రంగులను ఎంత యథార్థంగా చూపగలదో తెలిపే కొలత అది, గరిష్ఠం 100. దానిని 8 లేతరంగుల నమూనాలపై సరాసరి కడతారు. తొమ్మిదవ నమూనా ముదురు ఎరుపు. అది ఆ సరాసరిలో చేరదు. కాబట్టి 80 మార్కులు తెచ్చుకొన్న దీపం కూడా ఎరుపులో తప్పవచ్చును, మన విద్యార్థి ఒక పేపరులో తప్పి మొత్తంమీద మంచి శాతం తెచ్చుకొన్నట్లు. మనిషి చర్మానికి జీవం పోసేది చర్మం కింద పారే నెత్తురు గదా! ఆ ఎరుపు దీపంలో లేనప్పుడు ఎంత చక్కని ముఖమైనా మైనపు బొమ్మవలె పాలిపోతుంది. లేని ఎరుపును తరువాత కంప్యూటరుపై పూయవచ్చుగాని, అది పూసినట్లే ఉంటుంది.

నల్లని షేర్వాణీ తొడిగిన వక్తలు కూడా ఒకప్పుడు ఛాయాగ్రాహకులకు తంటా తెచ్చినవారే. కృత్రిమ నూలుతో నేసిన నల్లగుడ్డలు పరారుణ కిరణాలను బాగా పరావర్తనం చేస్తాయి. కంటికి అవి కనిపించవు, సెన్సారుకు కనిపిస్తాయి. 2006లో వచ్చిన లైకా ఎం8 అనే ఖరీదైన కెమెరాలో నల్లకోట్లు వంకాయరంగుకు తిరుగుతుంటే, తయారీదారులే కొన్నవారికి ప్రత్యేకపు వడపోతలను ఉచితంగా పంపవలసి వచ్చింది. ఇప్పటి కెమెరాలలో ఆ వడపోత లోపలనే ఉంటుంది. వేడి హాలోజన్ దీపాల కింద మాత్రం ఆ ఛాయ ఇంకా ఎక్కడో తొంగిచూస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన విషయానికి వస్తాను.

తెలుగులో పచ్చగా, తెల్లగా ఉన్నవారిని "ఎర్రగా ఉన్నారు" అంటాము. రెండవ కొసకు "నలుపు" అంటాము. ఈ రెంటికీ నడుమ మనలో అత్యధికులది చామనచాయ. ఉర్దూలో గోధుమవన్నెను గందుమీ రంగ్ అంటారు, ఇంకొంచెం ముదిరితే సాంవ్లా అంటారు. రెండు భాషలలోనూ ఈ మాటలు ప్రేమతోనే పలుకుతారు. పెళ్ళిసంబంధాల మాట వచ్చినప్పుడు తప్ప. కెమెరా శాస్త్రం మాత్రం మొదటినుండి ఈ నడిమి రంగును సవతిబిడ్డగానే చూసింది. పందొమ్మిదవ శతాబ్దపు ప్లేట్లకు నీలపు వెలుగంటే ఇష్టం, ఎరుపంటే గుడ్డితనం. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో చామనచాయ ముఖాలు అట్టి ప్లేట్లమీద ఉన్నదానికన్నా నల్లగా పడే స్వభావం ఉండేది. ఆ తరువాత రంగుల ఫిల్ము వచ్చింది. ఇరవయ్యవ శతాబ్దపు మధ్యకాలం నుండి అమెరికాలోని ఫొటో ప్రయోగశాలలకు కొడాక్ సంస్థ ఒక నమూనా చిత్రాన్ని పంపేది. అందులో తెల్లజాతి యువతి ఒకతె ఉండేది. మొదట అందుకు కూర్చున్న ఉద్యోగిని పేరుమీదుగా ఆ కార్డుకు షర్లీ కార్డు అనే పేరు స్థిరపడింది. ఆమె చర్మం సరిగా వచ్చేట్లు యంత్రాన్ని సరిచేస్తే అన్నీ సరియైనట్లే లెక్క! వివిధ వర్ణాల స్త్రీలను చేర్చిన కార్డులు 1990 దశకంలోగాని వాడుకకు రాలేదు. 2021లో గూగుల్ సంస్థ తన పిక్సెల్ 6 ఫోనులో నల్లని, చామన చర్మాలను యథాతథంగా చూపడానికి ప్రత్యేక ప్రయత్నం చేసింది. 2022లో హార్వర్డ్ ఆచార్యుడు ఎల్లిస్ మాంక్ రూపొందించిన 10 చాయల పట్టికను వెలువరించింది. ఆలస్యమైనా మంచిదే.

దూరదేశాలవారిని అనడం సులభం. మన ఇంటి సంగతి చూద్దాం. మా నాన్నగారికి చిన్న ఫొటో స్టూడియో ఉండేది. నలుపుతెలుపు ఫొటోలకు చేతితో రంగులు వేసేవారు. అగ్గిపుల్లకు దూది చుట్టి చెంపలకు లేత ఎరుపు, సన్నని కుంచెతో చీర అంచుకు జరీ. ఫొటో తీసిన వెంటనే చీటీ వెనుక "చీర ఆకుపచ్చ, అంచు జరీ, శరీరం చామన" అని వ్రాసి పెట్టుకొనేవారు. కెమెరా మరచినది చీటీ గుర్తుంచుకొనేది. అయితే గిరాకీలు ఊరుకొంటారా? "జరా సాఫ్‌గా చేయండి సాబ్" అనేవారు. సాఫ్ అంటే స్పష్టత అని కాదు, తెలుపు అని. నాన్నగారు నెగెటివును బల్లపై వాల్చి, మెత్తని పెన్సిలుతో ముఖపు నీడలమీద సన్నసన్నని గీతలు గీసేవారు. నెగెటివుమీద నలుపు పెరిగితే ప్రింటుమీద తెలుపు పెరుగుతుంది. ఒక్క ముఖానికి అరగంట పట్టేది. అడిగినవారిని ఆయన కాదనలేదు. ఇంటిల్లిపాది దానితోనే గడిచింది. కాని అడగనివారి ముఖం జోలికి ఆయన పెన్సిలు ఎన్నడూ పోలేదు. ఈ చిన్న భేదం నా మనసులో బాగా నాటుకొన్నది. ఎందుకంటే ఈనాటి ఫోనులలో చాలా వాటికి ఆ భేదం తెలియదు. ముఖం కనిపించగానే అవి చర్మాన్ని నునుపు చేసి, తెలుపు పూసి, అడగకుండానే సేవ చేసి పెడుతున్నాయి. అరగంట పని అరక్షణంలో అవుతున్నది.

2023 వార్షికోత్సవానికి ఫొటోలు తీయడానికి బయటినుండి ఒకరిని కుదిర్చాము. చిత్రాలు వారం లోపల వచ్చాయి. తళతళలాడుతున్నాయి, అందరికీ నచ్చాయి. మూడవనాడు రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకతె నా గదికి వచ్చింది. వక్తృత్వంలో ప్రథమ బహుమతి ఆమెది. ఫిర్యాదు చేయలేదు. "సార్, అసలు ఫొటో దొరుకుతుందా?" అని మాత్రం అడిగింది. ఎందుకమ్మా అన్నాను. ఇంట్లో దాదీకి చూపిస్తే, కప్పు పుచ్చుకొంటున్న పిల్లను చాలాసేపు చూసి, "బహుమతి ఎవరికి వచ్చింది బేటీ? నువ్వెక్కడున్నావు ఇందులో?" అని అడిగిందట. ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు నాకు బాగా లేదు.

నేను ఫొటోగ్రాఫరుకు ఫోను చేశాను. ఆయన చాలా మర్యాదగా, "సార్, అన్ని ముఖాలకూ ఒకేసారి కొట్టేస్తాం. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. ఇంకా తెల్లగా చేయమనే అడుగుతారు" అన్నారు. అబద్ధం చెప్పలేదు. అదృష్టవశాత్తు అసలు ఫైళ్ళు, రా ఫైళ్ళంటారే అవి, ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి. మామూలు ఫొటోలో ఒక్కొక్క రంగుకు 256 మెట్లుంటే, రా ఫైలులో 4096 లేక 16384 మెట్లుంటాయి. తెలుపేదన్న నిర్ణయం అందులో చివరిది కాదు, తిరిగి తీసుకోవచ్చును. వాటిని తెప్పించుకొని కూర్చున్నాను.

అప్పుడు పరిశీలిస్తే మరొక సంగతి బయటపడింది. ఆ పిల్ల తెల్లని యూనిఫారంలో, తెల్లగోడ ముందు నిలబడి ఉన్నది. కెమెరా తన ఎదుట ఉన్నదంతా సరాసరిన మధ్యరకపు బూడిదరంగు అని నమ్ముతుంది. తెల్లదనం ఎక్కువగా కనిపించేసరికి వెలుగు ఎక్కువైనదని భ్రమపడి తగ్గించింది. గోడ బూడిదైంది, ఆమె ముఖం కన్నూముక్కూ తెలియని నీడగా మారింది. ఫొటోగ్రాఫరు దానిని చూసి తెలుపు పూయడానికి పూనుకొన్నాడు. కావలసినది వెలుగు, ఆయన ఇచ్చినది సున్నం! రెండింటికీ ఎంత అంతరమున్నదో చూడండి. అసలు ఫైలులో ముఖంమీద వెలుగును ఒక మెట్టు పెంచి, గోడ ఇచ్చిన పచ్చదనాన్ని తీసివేయగా, చామనచాయ పిల్ల ఒకతె కప్పు పట్టుకొని కళ్ళతో నవ్వుతూ ప్రత్యక్షమైంది. చెంపమీది పుట్టుమచ్చ కూడా తిరిగి వచ్చింది.

ఇక్కడ భౌతికశాస్త్రం మనకు ఎంతో తోడ్పడుతుంది. వీడియో సంపాదకులు వాడే వెక్టర్‌స్కోపు అనే పరికరంలో ఏ జాతివారి చర్మమైనా దాదాపు ఒకే గీతమీద పడుతుంది. ఎందుకంటే మానవులందరి చర్మపు రంగుకూ మూలద్రవ్యాలు అవే: మెలనిన్, నెత్తురు. మనిషికీ మనిషికీ భేదం ప్రధానంగా ఎంత ముదురు, ఎంత లేత అన్నదానిలోనే. కాబట్టి ముఖం ఆకుపచ్చగానో, ఊదాగానో వస్తే అది వెలుగు చేసిన తప్పు. దిద్దడం ఛాయాగ్రాహకుని విధి. ముదురును లేత చేయడం మాత్రం దిద్దుబాటు కాదు. అది మరొక మనిషిని తయారుచేయడం.

సంచిక కమిటీ సమావేశంలో దీనిపై చర్చ జరిగింది. ఒక పెద్దమనిషి, "బొమ్మలు అందంగా ఉంటే కళాశాలకు గౌరవం, పిల్లలకూ సంతోషం, దీనికింత రాద్ధాంతమెందుకు?" అన్నారు. ఆయన మాటను నేను తేలికగా తీసుకోను. చూడముచ్చటగా ఉండాలనే కోరిక చెడ్డది కాదు. కంటికి ఇంపైన రంగు, యథార్థమైన రంగు ఎల్లప్పుడూ ఒకటి కావు. 1960లో బార్టిల్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు మనుషుల జ్ఞాపకంలోని రంగులను కొలిచి చూశాడు. మన జ్ఞాపకంలోని గడ్డి అసలు గడ్డికన్నా పచ్చన. జ్ఞాపకంలోని ఆకాశం అసలు ఆకాశంకన్నా నీలం. అందుచేత ఆకాశానికి చిటికెడు నీలం ఎక్కువ వేస్తే నేనేమీ అనుకోను. ఆకాశం అవమానపడదు. ముఖానికి మాత్రం యజమాని ఒకరున్నారు, వారిని అడగాలి. ఇంతే నా వాదన. చివరకు అసలు ఫైళ్ళనుండి తయారైన చిత్రాలనే అచ్చువేయాలని కమిటీ తీర్మానించింది. ఆ పెద్దమనిషి కూడా చేయి ఎత్తారు.

ఇంతటితో సమస్య తీరలేదు సుమా. మరునెలలోనే డిగ్రీ ముగించిన కుర్రవాడొకడు వచ్చి, "సార్, సంబంధానికి పంపాలి, కొంచెం తెల్లగా చేయండి" అన్నాడు. మా నాన్నగారి పెన్సిలు గుర్తుకు వచ్చింది. అడిగినవారిని ఆయన కాదనలేదు గదా. నేను అతనిని ఉత్తరపు వరండాలో కూర్చోబెట్టి, ఒడిలో తెల్లని థర్మాకోల్ పలక ఒకటి పెట్టించి, దాని వెలుగు గడ్డం కింది నీడలను నింపేట్లు చేసి తీశాను. అతనికి ఫొటో నచ్చింది. "ఇంకొంచెం..." అని గొణిగాడు కూడా. నేను వినిపించుకోలేదు.

ఇక స్వయంగా ప్రయత్నించదలచిన విద్యార్థులకు నాలుగు మాటలు. ఫోనులో "బ్యూటీ" అనే మీట ఉంటే ముందు దానిని సున్నకు తెచ్చుకోండి. తెలుపును గుర్తించడానికి తెల్లని లాల్చీని గాని, చేతిరుమాలును గాని నమ్మవద్దు. మన ఇళ్ళలో తెల్లబట్టలకు నీలిమందు పెడతారు. సబ్బుపొడులలోనూ మెరుపు ద్రవ్యాలుంటాయి. ఆ గుడ్డ చూడడానికి తెలుపైనా కెమెరాకు నీలమే, దానిని ప్రమాణంగా తీసుకొంటే బొమ్మ మొత్తం పచ్చబడుతుంది. ఫొటో సామగ్రి దుకాణాలలో దొరికే బూడిదరంగు కార్డు మేలు. బంతిపూల దండలు, ఎర్రపట్టు చీరలు, లాడ్‌బజారు లక్కగాజులు తీసేటప్పుడు వెలుగును కొంచెం తగ్గించండి. ఇట్టి రంగులలో ఎరుపు అంకె అన్నిటికన్నా ముందు 255 అనే కప్పును తాకి ఆగిపోతుంది. అప్పుడు పూరేకుల మధ్య గీతలు, పట్టు మడతలు మాయమై అంతా ఒకటే ముద్దగా కనిపిస్తుంది. తగ్గించి తీసినదానిని తరువాత పెంచుకోవచ్చు, పోయిన మడతను తేలేము. రంగులు పెంచే మీటను ముట్టుకొనేముందు ఆ బొమ్మను ఒకపూట ప్రక్కన పెట్టండి. కంటికి ఏ రంగైనా పదినిమిషాలలో అలవాటైపోతుంది. పొద్దున తిరిగి చూస్తే రాత్రి చేసిన అతి తెలుస్తుంది.

ముద్రణ గురించి కూడా ఒక మాట. తెరమీద రంగులు వెలుగుతో పుడతాయి. అచ్చులో నాలుగు సిరాలతో పుడతాయి. తెరమీది చిలుకపచ్చ, నిండు గులాబీ ఆ సిరాలకు అందవు. అందువల్ల మన సంచిక అట్ట ఫోనులో చూసినంత మెరుపుగా ఉండదు. ప్రెస్సువారిని తప్పుపట్టకండి.

ఈ సంవత్సరపు బృందచిత్రాలను సాయంత్రం నాలుగున్నరకు గ్రంథాలయం వెనుక నీడలో తీస్తాము. షామియానా ఉండదు. సంచికలో వేయించదలచిన తమ సొంత ఫొటోలను విద్యార్థులు వాట్సాప్‌లో పంపవద్దు. దారిలో అవి చిక్కిపోయి వస్తున్నాయి. అసలు ఫైలును పెన్‌డ్రైవులో తెచ్చి భౌతికశాస్త్ర విభాగంలో ఇవ్వండి. ఫొటోలో ఉన్నవారు ఎవరో, తొడిగిన బట్టలు ఏ రంగువో ఒక చీటీమీద వ్రాసి జతపరచండి.